జారుడు అంకె

కంటి ఆసుపత్రి సూపరింటెండెంటుగారికి మర్నాటి పనులన్నీ ముందురోజు సాయంత్రమే ఒక తెల్లకాగితం మీద రాసి, తన బల్ల అద్దం కింద పెట్టుకుని ఇంటికి వెళ్లడం అలవాటు. ఆ రోజు కాగితంలో నాలుగే పనులున్నాయి. తొమ్మిదింటికి నేల కొలిచే మనిషి రాక. పదింటికి కొలత ముగింపు. పదింబావుకి ఆయమ్మను ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం మీద సంతకం. పదిన్నరకి టీ.

పొద్దున్నే ఆ బల్ల తుడిచే పని ఆయమ్మదే కాబట్టి ఆ కాగితం మొదట చదివిందీ ఆమే. ఒకసారి చదివితే నమ్మకం కుదరక, అద్దాన్ని మళ్లీ తుడుస్తున్నట్టు నటించి రెండోసారి చదివింది. పంతొమ్మిదేళ్ల కొలువు ఊడగొట్టడానికి పదిహేను నిమిషాలు, టీకి మాత్రం ఎంతసేపో హద్దు లేదు. ఆమెకి కోపం రాలేదు. అద్దం మీద తన వేలిముద్ర ఒకటి కనిపిస్తే దాన్ని కూడా తుడిచి, బకెట్టు తీసుకుని వరండాలోకి నడిచింది.

సంగతి ఏమిటంటే, మూడు వారాల కింద ఆ ఆసుపత్రికి చందాలిచ్చే పెద్దమనుషులు చూడడానికి వచ్చారు. వాళ్లని వెంటబెట్టుకుని, వేచి ఉండే హాలు నుంచి ఆపరేషన్ గదికి వెళ్లే పొడుగాటి వరండాలో నడుస్తూ, మలుపు దగ్గర పెద్ద డాక్టరుగారు అందరూ చూస్తుండగా జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కుడిచెయ్యంటే మామూలు చెయ్యి కాదు, ఊళ్లో సగం మందికి చూపు తెప్పించిన చెయ్యి. ఆయమ్మ తల్లికి రెండు కళ్లూ తెరిపించిందీ ఆ చెయ్యే. అది కట్టులో పడేసరికి ఆపరేషన్లు ఆగిపోయాయి. తేదీ ఇచ్చినవాళ్లందరినీ ఫోన్లు చేసి వెనక్కి పంపించారు.

తప్పు ఎవరిదన్న విచారణని సూపరింటెండెంటుగారు ఒక్క పూటలో తేల్చేశారు. ఆయమ్మ సబ్బునీళ్లు సరిగా తుడవకుండా వదిలేసింది, అంతే. నేల తప్పేమో అని ఎవరైనా అనబోతే ఆయన ఊరుకోరు. ఆ బూడిదరంగు రాయిని రెండేళ్ల కింద పదహారు దుకాణాలు తిరిగి ఏరి తెచ్చి వేయించింది ఆయనే. దాన్ని ఎవరైనా ఒక మాటంటే కన్నకూతుర్ని అన్నట్టు ముఖం మాడ్చుకుంటారు. ఆయమ్మ మాత్రం ఆ రోజు సబ్బే వాడలేదని, మంచినీళ్లతో తుడిచి పొడిగుడ్డ పెట్టానని ఒకే మాట మీద నిలబడింది. చివరికి పెద్ద డాక్టరుగారే మంచం మీద నుంచి కబురు పెట్టారు. నేలని కొలిపించండి, నేల జారేదైతే తప్పు నేలది, జారనిదైతే తప్పు ఆమెది, కొలిచేదాకా ఎవరి ఉద్యోగం జోలికీ వెళ్లొద్దు అని.

ఉద్యోగం పోతుందన్న బెంగ ఆయమ్మకి లేకపోలేదు. నిర్లక్ష్యం వల్ల తీసేశామని కాగితం ఇచ్చాక ఇంకో ఆసుపత్రి గడప ఎవరు తొక్కనిస్తారు. అయితే మూడు వారాలుగా ఆమెకి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది వేరే ప్రశ్న. ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనేనా? ఎక్కడైనా తడి వదిలేశానా? తుడిచిన ప్రతి అంగుళాన్నీ ఆమె మనసులో మళ్లీ మళ్లీ తుడిచి చూసుకుంది. తప్పు దొరకలేదు. తప్పు లేదన్న నమ్మకమూ కుదరలేదు.

తొమ్మిదికి సరిగ్గా ఐదు నిమిషాల ముందు కొలతలాయన వచ్చాడు. సన్నటి మనిషి. చేతిలోని ఇనప పెట్టె బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. నమస్కారాలయ్యాక సూపరింటెండెంటుగారు కాఫీ అన్నారు, ఆయన వద్దన్నాడు. కుర్చీ అన్నారు, నేల మీద కూర్చునే పని అన్నాడు. ఇక యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎంత వస్తే ఏమిటో కాస్త ముందే చెబితే బాగుంటుందని సూపరింటెండెంటుగారు నవ్వుతూ అడిగారు.

"అంకె పైకి చదువుతాను. దాని అర్థం నివేదికలో ఉంటుంది. నివేదిక మీద సంతకం పెట్టేదాకా ఇంకేమీ చెప్పను," అన్నాడు కొలతలాయన.

అది పొగరు కాదు. చాలా ఏళ్ల కింద ఒక హోటలు మెట్లు కొలుస్తూ, పక్కనున్నవాడు అడిగితే "పరవాలేదు" అని ఒక్క మాట జారాడట. ఆ మాట పట్టుకుని రెండు పక్షాల లాయర్లూ మూడేళ్లు ఆయన్ని కోర్టు చుట్టూ తిప్పారు. అప్పట్నుంచి నేల దగ్గర ఆయన నోట్లోంచి అంకెలు తప్ప మరేమీ రావు.

కొలవాల్సింది మూడు చోట్ల. మొదటిది హాలుకి దగ్గరగా, రెండోది మలుపు దగ్గర, మూడోది ఆపరేషన్ గది తలుపు ముందు. ముందుగా ఫ్యాన్లు ఆపించాడు. రోగులని గోడవారగా కూర్చోబెట్టమన్నాడు. పెట్టె తెరిచి యంత్రాన్ని నేల మీద నిలబెట్టాడు. దానికి మూడు కాళ్లు, ఒక నిలువు స్తంభం, స్తంభానికి గడియారం లోలకంలా ఊగే పొడుగాటి చెయ్యి, ఆ చేతి చివర పాదం, పాదానికి ఒక రబ్బరు ముక్క. పక్కనే అంకెల పలక, దాని మీద ముల్లు. కాళ్లకున్న మరలు తిప్పుతూ, గాజుగొట్టంలో బుడగ నట్టనడుమకి వచ్చేదాకా ఆయన పదిహేను నిమిషాలు బోర్లా పడుకున్నంత పని చేశాడు. తర్వాత చెయ్యిని నేలకి తగలనంత ఎత్తులో పెట్టి ఉత్త గాలిలో వదిలాడు. ముల్లు సున్నా దగ్గర ఆగింది. మళ్లీ వదిలాడు, మళ్లీ సున్నా. రబ్బరుని ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రాకి, చెయ్యిని కిందికి దించి, రబ్బరు నేలని ఎంత మేర రాసుకుంటుందో చిన్న కొలబద్దతో చూసుకున్నాడు. అంతా అయ్యాక నేల మీద నీళ్లు పోశాడు.

ఆయమ్మ గోడకి ఆనుకుని ఇదంతా చూస్తోంది. తన తలరాత రాయబోయే మనిషి ఇంత శ్రద్ధగా ఉండడం ఆమెకి నచ్చింది. పనంటే అలా ఉండాలి అనుకుంది.

చెయ్యి ఊగింది. రబ్బరు నేలని రాసుకుంటూ సర్రుమని అవతలికి పోయి, వెనక్కి రాబోతుంటే కొలతలాయన పట్టుకున్నాడు. అలా ఐదుసార్లు. ఐదుసార్లూ చదివింది ఇంచుమించు ఒకే అంకె.

"యాభై ఎనిమిది," అన్నాడు.

హాల్లో గోడవారగా కూర్చున్న రోగుల్లో గుసగుస బయల్దేరింది. వేరే చోట అయితే ఆ అంకె ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. కానీ అది కంటి ఆసుపత్రి. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ చూసేది ఒకే కొలత, కంట్లో ఒత్తిడి. ఆ ఒత్తిడి ఇరవై లోపుంటే మంచి కన్ను. ముప్పై దాటితే మందులు. యాభై దాటితే ఆ మనిషిని పరుగున లోపలికి తీసుకుపోతారు. చీటీల కిటికీ దగ్గర కూర్చుని రోజుకి రెండొందల మంది ఒత్తిడి అంకెలు రాసేది ఆయమ్మ తోడికోడలే. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, చేత్తోనే కన్ను పోయిందన్నట్టు సైగ చేసింది.

నేల జారుడు యాభై ఎనిమిదికి చేరిందని అందరూ ఖాయం చేసుకున్నారు. ఆయమ్మ మూడు వారాల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. సూపరింటెండెంటుగారికి తల కొట్టేసినట్టయింది.

అందరూ పొరబడ్డారు. ఆ యంత్రం కొలిచేది నేల జారుడుని కాదు, నేల పట్టుని. అంకె ఎంత పెద్దదైతే కాలు అంత గట్టిగా నిలుస్తుంది. యాభై ఎనిమిదంటే వానలో పరుగెత్తినా పడనంత మంచి నేల. ఈ సంగతి ఆ వరండాలో తెలిసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ సంతకం దాకా నోరు విప్పడు. ఆయన తాపీగా మరలు వదులుచేసి యంత్రాన్ని పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. రెండో చోట మళ్లీ మొదట్నుంచి బుడగ, సున్నా, కొలబద్ద అన్నీ కావాలి మరి.

సూపరింటెండెంటుగారు గబగబా తన గదికి వెళ్లి, బీరువా తాళం తీసి, ఒక పెద్ద డబ్బా పట్టుకుని వచ్చారు. నేలకి వేసే పాలిష్. ఆయన లెక్క తేలికైనది. మురికి నేల జారుతుంది, శుభ్రమైన నేల జారదు, అన్నిటికంటే శుభ్రమైనది మెరిసే నేల. ఆయమ్మని మలుపు అవతలికి పిలిచి డబ్బా చేతిలో పెట్టి, పది నిమిషాల్లో ఈ భాగం అద్దంలా ఉండాలన్నారు. తన ఉద్యోగం తీసే నేలని తనచేతే మెరిపించమంటున్నారని ఆమెకి అర్థమైంది. అర్థమైనా చేసేదేముంది. ఆ డబ్బాని ఆమె ఎప్పుడూ చూడలేదు. మూత తీసి, గుడ్డతో అద్ది రుద్దింది. పది నిమిషాల్లో పైపూత మాత్రమే అయింది.

కొలతలాయన పెట్టెతో మలుపు దగ్గరికి వచ్చి నేలని ఒకసారి చూశాడు. వంగి వాసన చూశాడు. తలెత్తి సూపరింటెండెంటుగారి వైపు చూశాడు. ఆయన చిరునవ్వు నవ్వారు. నేల ఎలా ఉంటే అలా కొలవడమే కొలతలాయన నియమం కాబట్టి, ఒక కాగితం మీద ఏదో గీసుకుని మరలు తిప్పడంలో పడిపోయాడు. ఐదు ఊపులయ్యాయి.

"ముప్పై ఏడు."

ఒక్క పూతకి ఇరవై ఒకటి దిగింది. సూపరింటెండెంటుగారి కళ్లు మెరిశాయి. ఆయమ్మ చేతిలో గుడ్డని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. కొలతలాయనకి మాత్రం ఈ తేడా మింగుడుపడలేదు. ఒకే రాయి, ఒకే వరండా, ఇంత దూరంలో ఇంత తేడానా. పాలిష్‌ని అనుమానించే ముందు తన యంత్రాన్ని అనుమానించాలి, అది ఆ వృత్తి మర్యాద. చెయ్యిని ఎత్తి మళ్లీ గాలిలో ఊపాడు. సున్నా. రబ్బరు ముక్క విప్పేసి పెట్టెలోంచి కొత్తది తీసి, దాన్ని ఉప్పుకాగితం మీద రాకి, తడిపి మళ్లీ రాకాడు. సరంజామా అంతా నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. దానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా సూపరింటెండెంటుగారికి కలిసొచ్చింది. ఆయమ్మని ఆపరేషన్ గది తలుపు దగ్గరికి తీసుకెళ్లి, ఈసారి టైముంది, తీరిగ్గా, గట్టిగా రుద్దమని చెప్పి వచ్చారు.

ఆయమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. కాసేపటికి తోడికోడలు చీటీల కిటికీ మూసి, చప్పుడు చేయకుండా వచ్చి పక్కన కూలబడింది.

"అక్కా, పైపైన రుద్దేసి ఊరుకో. ఎవరు చూడొచ్చారు? నువ్వు ఎంత రుద్దితే ఆ అంకె అంత దిగుతోంది. అది ఇరవైకి దిగిందంటే నేల మంచిదైపోయి, నువ్వు చెడ్డదానివైపోతావు."

"తెలుసే," అంది ఆయమ్మ.

"తెలిసీ నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా?"

నిజానికి పైపైన రుద్దడానికి ఆయమ్మ ప్రయత్నించింది. ఒక మూల కొంచెం వదిలేసి చూసింది. వదిలేసిన ఆ అరచేయంత చోటు మసగ్గా ఉండి, మిగతాదంతా మెరుస్తుంటే ఆమె కళ్లు అక్కడే ఆగిపోయాయి. పంతొమ్మిదేళ్లలో ఏ గదిలోనూ ఏ మూలా వదలని మనిషి. తోడికోడలు చూస్తుండగానే ముందుకి జరిగి, ఆ మూల కూడా రుద్దింది. రుద్దుతుంటే కళ్లనీళ్లు ధారగా కారాయి. నేల మీద పడిన వాటిని కూడా గుడ్డతో అద్దింది. తోడికోడలికి చెప్పలేనంత విసుగొచ్చింది, ఆ విసుగులోనే రెండో గుడ్డ తీసుకుని ఆ చివర ఆమె కూడా రుద్దడం మొదలుపెట్టింది.

మూడో చోట వచ్చిన అంకె పంతొమ్మిది.

కంటి ఆసుపత్రి లెక్కలో పంతొమ్మిదంటే నిక్షేపంలాంటి కన్ను. సూపరింటెండెంటుగారు అక్కడున్న నర్సులతో కరచాలనం చేశారు. అప్పటికి పదకొండున్నర దాటింది, బల్ల అద్దం కింద కాగితంలోని టైములన్నీ ఎప్పుడో తప్పిపోయాయి, అయినా ఆయనకి ఆ ధ్యాసే లేదు. ఒక్కటే ముల్లు గుచ్చుకుంటోంది. మొదటి చోట పడిన ఆ యాభై ఎనిమిది. సగటు తీస్తే అదొక్కటే అంతా పాడుచేస్తుంది. మొదటి చోటు ఇంకోసారి కొలవచ్చా అని అడిగారు. లిఖితపూర్వకంగా అడిగితే కొలవచ్చని కొలతలాయన చెప్పాడు. యంత్రం నేల మీద నిలబెట్టినప్పట్నుంచి అంకెలు కాకుండా ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

సూపరింటెండెంటుగారికి రాయడమంటే ప్రాణం. కూర్చుని పెద్ద అక్షరాలతో రాశారు. మొదటి కొలతనాటికి నేల తగిన స్థితిలో లేదని, ప్రస్తుతం తన ఆదేశానుసారం, తన స్వీయ పర్యవేక్షణలో నేలకి పాలిష్ వేయించి సరైన స్థితికి తెచ్చామని, కావున మరల కొలవవలసినదని రాసి, కింద సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర కూడా వేశారు. కొలతలాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

ఆయమ్మ మళ్లీ డబ్బా ఎత్తింది. రోగులని ఇంకా వెనక్కి, హాల్లోపలికి జరిపారు. ఈసారి ఆమె ఏడవలేదు, ఏడుపు అయిపోయింది. ఇదే ఆఖరు తుడుపు, ఆసుపత్రి నన్ను మంచి పని చేసినదానిగా తలుచుకోవాలి అనుకుందో ఏమో, హాలు గడప దగ్గర్నుంచి మలుపు దాకా ఒక్క చోటు వదలకుండా మూడు పూతలు వేసింది. వరండా ఈ చివర్నుంచి ఆ చివర దాకా పైకప్పు దీపాలన్నీ నేలలో కనిపించేలా తయారైంది.

"పద్నాలుగు," అన్నాడు కొలతలాయన. చెప్పాక ముల్లుని ఇంకోసారి వంగి చూశాడు. వెంటనే పక్కనున్న కుర్చీ లాక్కుని నివేదిక నింపడంలో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరుగారు హాలు గుమ్మంలోకి వచ్చారు. కుడిచెయ్యి మెడకి వేలాడదీసుకుని, తోలు బూట్లతో ఉన్నారు. ఇంట్లో కూర్చుని ఉండబట్టలేక ఫలితం తెలుసుకుందామని వచ్చారట. ఆయన్ని చూడగానే సూపరింటెండెంటుగారు వరండాలోకి పదడుగులు వెనక్కి నడిచి, కొలత కోసం పోసిన నీళ్లు ఇంకా నిలిచి ఉన్న చోట, మెరుపు బాగా కనిపించేలా నిలబడి, రెండు చేతులూ చాపారు.

"రండి సార్, ధైర్యంగా రండి. నేల పద్నాలుగుకి వచ్చింది. ఈ రాయిలో దోషం లేదని నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. మీరు పడ్డ ముందురోజు సాయంత్రం కూడా, ఆయమ్మ ఇంటికి వెళ్లిపోయాక, ఇదే పాలిష్ నేను దగ్గరుండి వేయించాను. ఇంత నేలనీ ఆవిడ మర్నాడు పొద్దున నీళ్లు కొట్టి పాడుచేసింది, ఆ తర్వాత రోజూ తుడిచి తుడిచి ఆ మెరుపంతా పోగొట్టింది."

డాక్టరుగారు అలాగా అని, కుడికాలు గడప దాటించడానికి ఎత్తారు.

కొలతలాయన కలం అప్పటికి నివేదికలో ఇంకా సగంలో ఉంది. ఎదురుగా తోలు బూటు గాలిలో ఉంది. నియమం ఒకవైపు, ఆ రెండో మణికట్టు ఒకవైపు. ఆ నిమిషంలో ఆయన పడ్డ యాతన చూసినవాళ్లకి మాత్రమే తెలుసు. నియమం తప్పలేదు ఆయన. చటుక్కున కాగితం అట్టడుగుకి పోయి సంతకం గీకేశాడు. మామూలుగా ముత్యాల్లాంటి సంతకం, ఆ ఒక్కటి మాత్రం పిచ్చిగీతలా పడింది. గీకేసి, పొద్దున్నుంచి దాచుకున్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ఆగండి. కాలు కింద పెట్టొద్దు."

డాక్టరుగారు కాలు అలాగే ఉంచి, ఎడమచేత్తో గుమ్మం పట్టుకున్నారు. కొలతలాయన లేచి నిలబడి, ఇక సంతకం అయిపోయింది కాబట్టి, అంతా చెప్పాడు. యంత్రం కొలిచేది నేల పట్టు అని, అంకె పెద్దదైతే మంచిదని, ముప్పై ఆరు దాటితే తడిలో కూడా భయం లేదని, ఇరవై ఐదుకి దిగితే తడిసిన నేల మీద మనిషి నిలవడం కష్టమని చెప్పాడు. పొద్దున ఈ నేల యాభై ఎనిమిది. పాలిష్ వేశాక ముప్పై ఏడు, ఇంకా వేశాక పంతొమ్మిది, ఇంకా ఇంకా వేశాక పద్నాలుగు. పద్నాలుగంటే ఏమిటని డాక్టరుగారు అడిగారు. ఇంత తక్కువ అంకె తన సర్వీసులో ఇదే మొదటిసారి చదవడమని కొలతలాయన అన్నాడు.

డాక్టరుగారు ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, తన కట్టు వైపు చూసుకున్నారు, తర్వాత నేల వైపు, తర్వాత సూపరింటెండెంటుగారి వైపు.

"నేను పడ్డ ముందురోజు కూడా ఇదే పాలిష్ అన్నారు కదూ?"

సూపరింటెండెంటుగారు కాదనడానికి వీల్లేదు, ఆ మాట అందరూ వింటుండగా అన్నారు. ఇవాళ్టి పాలిష్ సంగతైతే రాసి ముద్ర కూడా వేసి ఇచ్చేశారు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. పొద్దున్నుంచి ఆ పాలిష్ మీద అటూ ఇటూ ధీమాగా తిరిగిన మనిషికి, కింద ఉన్నది పద్నాలుగని తెలిసిన మరుక్షణం నడక మరిచిపోయినట్టయింది. ముందుకి ఒక అడుగు వేయబోతే ఎడమ చెప్పు తనంతట తానే పక్కకి వెళ్లింది. రెండు చేతులూ చాపి, గాలిని పట్టుకుని, అలాగే బిగుసుకుపోయారు.

ఎవరూ కదల్లేదు. వెళ్లే ధైర్యం ఎవరికుంది. ఆయమ్మ మాత్రం చెప్పులు విప్పేసి, పొడిగుడ్డలు రెండు నేల మీద పరుచుకుంటూ, వాటి మీదే కాలు పెట్టుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నా భుజం పట్టుకోండి సార్. కాలు ఎత్తొద్దు, గుడ్డ మీదే జరపండి. కిందికి చూడకండి."

పదడుగుల దూరం రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. దారిలో సూపరింటెండెంటుగారు రెండుసార్లు ఆమె భుజాన్ని గట్టిగా నొక్కారు. గడప దాటాక కుర్చీలో కూలబడి, జేబులోంచి టైపు చేసిన ఉత్తరం తీసి, దాంతో ముఖం విసురుకోబోయి, అదేమిటో గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టుకున్నారు. డాక్టరుగారు ఎడమచెయ్యి చాపారు. సూపరింటెండెంటుగారికి ఇవ్వక తప్పలేదు. డాక్టరుగారు దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి తన కట్టులో దోపుకున్నారు. దాని సంగతీ, పాలిష్ సంగతీ రేపు మనిద్దరం మాట్లాడుకుందామని సూపరింటెండెంటుగారితో మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదకే ఆయన ముఖం పాలిపోయింది.

ఆయమ్మ అప్పటికి గోడ పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో ఆమె చెవిన పడడం లేదు. ఆ చెయ్యి విరగ్గొట్టింది నేను కాదు, నేను కాదు అని ఒకటే మాట లోపల తిరుగుతోంది. తోడికోడలు వచ్చి వాటేసుకుంటే, అప్పుడు గట్టిగా ఏడ్చింది.

ఆమె తేరుకున్నాక డాక్టరుగారు దగ్గరికి వచ్చారు. జరిగిందంతా తోడికోడలు ఈలోపు ఆయన చెవిన వేసింది.

"అంకె దిగితే నీ ఉద్యోగం పోతుందనేగా నువ్వు అనుకున్నది? మరి అంత గట్టిగా ఎందుకు రుద్దావమ్మా?"

ఆయమ్మకి ఆ ప్రశ్నలో ఏముందో బోధపడలేదు.

"సగం సగం రుద్దడం నాకు రాదు సార్," అంది.

డాక్టరుగారు మంచిచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ఆ పాలిష్ అంతా గీకించడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. తను వేసింది కాబట్టి మూడు రోజులు పడుతుందని, ఇంకెవరైనా వేసుంటే ఒక్క పూటలో పోయేదని ఆయమ్మ బాధపడుతూ చెప్పింది.

కొలతలాయన యంత్రాన్ని విప్పి, రబ్బరు ముక్కని గుడ్డలో చుట్టి, పెట్టె మూశాడు. నివేదికలో మిగిలిన సగం నింపి మడవబోయి, ఇంకో గడి ఖాళీగా ఉందని చూసుకున్నాడు. అన్నిటికంటే కింద, 'ఇతర విషయాలు' అన్న గడి. ఇన్నేళ్లలో ఆ గడిలో ఆయన గీత తప్ప ఇంకేమీ పెట్టి ఎరగడు. ఈసారి కుర్చీలో మళ్లీ కూర్చుని, కలం విదిలించి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'పాలిష్ అంతటా సమంగా, ఏ మూలా వదలకుండా వేయబడినది.'